లేని కాలేజీ గుండ్రటి ముద్ర

పొద్దున్న ఐదున్నరకు కర్నూలులో రైలెక్కాం, నేనూ మా అక్క కూతురు నీరజా. తార్నాక దగ్గరున్న ఓ ప్రైవేటు విశ్వవిద్యాలయం గల్ఫ్‌లో ఆర్భాటంగా తెరిచిన శాఖలో నీరజ రెండేళ్లు చదివింది. మూడో ఏడు మొదలవకముందే ఒక్క ఈమెయిలు పంపి దాన్ని మూసేశారు. టీసీ కోసం మూడు నెలలుగా రాస్తున్నా జవాబు లేదు. రేపు సాయంత్రంలోగా టీసీ ఇస్తేనే మా ఊరి కాలేజీ చేర్చుకుంటుంది. లేకపోతే పిల్లకు ఏడాది పోయినట్టే.

పదింటికి కాచిగూడలో దిగి, లోకల్ రైల్లో సీతాఫల్‌మండి చేరి, ఆటో ఎక్కాం. ఈ దారిన వచ్చేవాళ్లు టిఫిన్ ముందే కానివ్వండి, క్యాంపస్ క్యాంటీన్ పదకొండుకు గాని తెరవరు. లోకల్లో పక్క సీటావిడ మా సంగతి విని, "కౌంటర్ కాడి నుంచి కదలకున్రి. లంచ్‌కు పోతే మల్ల దొరకరు" అంది.

గేటు మీద గల్ఫ్ శాఖ బొమ్మ ఇంకా వేలాడుతోంది, ప్రవేశాలు జరుగుతున్నాయంటూ. చూడగానే నాకు ఒళ్లు మండింది.

"దరఖాస్తు బ్రాంచి ప్రిన్సిపాల్ ద్వారానే రావాలె మేడమ్. గుండ్రం ముద్ర, సంతకం లేకుంటే తీసుకోం" అన్నాడు కౌంటర్లో గుమాస్తా.

మూసింది మీరే కదా అన్నాను.

"మూసినట్టు మా సెక్షన్‌కు సర్క్యులర్ రాలె."

ఆయన కంప్యూటర్లో నీరజ మార్కులన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. రిజిస్ట్రార్‌ను కలుస్తానంటే ఊళ్లో లేరన్నాడు. గంటన్నర నిలబెట్టి, చివరికి గొంతు తగ్గించి, తార్నాక చౌరస్తాలో స్టాంపుల దుకాణం ఉంది, అక్కడ అడగమన్నాడు.

ఒంటిగంటకు ఆ దుకాణం మెట్లెక్కాం. కాలేజీ పేరు చెప్పగానే దుకాణదారు సొరుగులోంచి ముద్ర తీసి బల్ల మీద పెట్టాడు.

"కొత్తగ చేసేదేం లేదమ్మా, తయారే ఉన్నది. మీ లెక్క శానమంది వచ్చిన్రు. గీడనే ఏసుకోండ్రి."

నీరజ ముద్ర వంక చూసి, "నేను చదివింది నిజమే కదా చిన్నమ్మా" అంది. నాకు ఏడుపొచ్చింది, అంతకు మించి కోపమొచ్చింది. దరఖాస్తు మీద ముద్ర వేశాను. పక్కన ప్రిన్సిపాల్ సంతకం కూడా నేనే గీశాను.

సిరా సరిగ్గా ఆరకముందే కౌంటర్‌కు తిరిగొచ్చాం. గుమాస్తా దాన్ని చూసి, ఇప్పుడు సరిగ్గా ఉందని తీసుకున్నాడు. నాలుగింటికి టీసీ చేతికొచ్చింది.

తిరుగు రైల్లో షాద్‌నగర్ దాటకముందే నీరజ నిద్రపోయింది. పిల్ల రెండేళ్ల చదువు చెల్లలేదు గాని, నా దొంగ సంతకం నిమిషంలో చెల్లింది. నేను బడిపంతులమ్మను. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం తామే పెట్టుకొచ్చిన పిల్లల్ని ఇన్నేళ్లూ బెంచీ ఎక్కించాను. రేపు మళ్లీ కార్డులు తెస్తారు. ఈ సంతకం ఎవరిదిరా అని ఏ మొహం పెట్టుకుని అడగను?