మసి పూసుకున్న దొర... మా అక్క రాణి వేషం

మా చిన్నప్పుడు ఒకసారి సినిమా మా బడిలోకే వచ్చింది... అదీ పట్టపగలు!

మాది మదురై పక్కన నల్లరేగడి ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. దిండిగల్ నుంచి ఒకాయన బండిలో సినిమా మిషను తెచ్చాడు. కిటికీలకు పత్తి గోతాలు కట్టి చీకటి చేశాం. గోడకు మా అవ్వ తెల్లచీర.

ఆ వారమే మా అక్క బడి నాటకంలో రాణి వేషం అడిగింది. రాణి మాటలన్నీ తనకే వచ్చు. కానీ అక్క నలుపు... వాత్తియారు, అంటే మా పంతులుగారు, రాక్షసి వేషం ఇచ్చారు.

సినిమా మొదలైంది. మాటల్లేని పాత దొరల బొమ్మ. ఒక నల్లటి దుర్మార్గుడు తెల్లటి దొరసాని వెంటపడ్డాడు. ఆమె కళ్లు తిప్పుతుంది... పడిపోతుంది... మళ్లీ లేస్తుంది! బొమ్మకు మాటల్లేకపోతేనేం, అరుపులన్నీ మావే.

"పరిగెత్తమ్మా, వాడు వస్తుండాడు!" అవ్వ గోడతో చెబుతోంది.

ఇంతలో వెనక నుంచి అక్క తరగతి మునియాండి, "ఒరే, వాడు మన కరుప్పికి అన్నరా!" అన్నాడు. కరుప్పి అంటే తమిళంలో నల్లపిల్ల, బడిలో అక్కకు పెట్టిన పేరు. అందరూ అక్కవైపు తిరిగి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

అక్క లేచి నేరుగా గోడ దగ్గరికి వెళ్లింది.

"వాడి చెవి ఎనక చూడండి... తెల్లగుండాది! అది మసి! దినమూ గిన్నెలు తోమేదాన్ని, నాకు తెలీదా?"

నిజమే! మెడ మీద చెమట చారలు. దొరే మసి పూసుకున్నాడు!

"ఏమిరా, వాళ్లకి నల్లోడే దొరకలేదా?" అంది అవ్వ. నవ్వులే నవ్వులు.

అక్క నవ్వలేదు. "సార్, ఆయన మసి పూసుకుంటే అందరూ నమ్మినారే... నేను ఏమీ పూసుకోకుండా రాణినైతే నమ్మరా?"

వాత్తియారు గడ్డం గోక్కున్నారు. "పౌడరన్నా వేసుకోవే."

"వద్దు సార్."

"...సరే. ఏడుపు సీను బాగా చెయ్యాల."

నాటకంలో రాణి, తప్పిపోయిన కొడుకును పిలవాలి. అక్క అరవలేదు, గుండెలు బాదుకోలేదు. మెల్లగా పిలిచింది, అంతే... ముందు వరసలోంచి మునియాండి వాళ్లమ్మ లేచి, "వస్తాడులే తల్లీ, ఏడవొద్దు" అంది!

మొన్న అక్క మనవరాలు ఫోనులో అక్కను ఫొటో తీసింది. ఫోను తనంతట తానే అక్కను తెల్లగా చేసేసింది. అక్క కళ్లజోడు సర్దుకుని చూసి, "ఎవురే ఈమె?" అంది.

అప్పుడు ఒక్క వాత్తియారిని ఒప్పిస్తే సరిపోయింది... ఈ ఫోనును ఎవరు అడగాలో తెలియదు.

మీ బడి నాటకంలో మీరు అడిగినా ఇవ్వని వేషం ఏదైనా ఉందా? రాయండి... అక్కకు చదివి వినిపిస్తాను.