లూర్దమ్మ పేరు కొట్టించిన పళ్లేలు

నాచారం చర్చి గేటు పక్కన ఆదివారం పూట బుట్ట పెట్టుకుని కూర్చునే లూర్దమ్మను చూసి "పాపం, నోట్లో నాలుక లేని మనిషి" అనేవాళ్లు చాలామందే ఉండేవాళ్లు. నోట్లో నాలుక లేకపోతేనేం, కడుపులో పగ ఉంది. రెండేళ్ల పాటు దాన్ని పాలు పోసి పెంచినట్టు పెంచింది. అలాంటి మనిషిని ఒట్టి మంచిది అనేస్తే ఆమెను తక్కువ చేసినట్టే.

ఆ పగ సంగతి తెలియాలంటే సైనిక్‌పురి దాకా పోవాలి. అక్కడ రిటైరైన కల్నల్ అచ్యుతరావు గారింట్లో లూర్దమ్మ పదకొండేళ్లు వంట చేసింది. కల్నల్ గారికి గులాబీ మొక్కలు తప్ప మరో లోకం లేదు. ఇంటి పెత్తనమంతా ఆయన భార్య త్రిపురసుందరిది. ఆవిడ విజయవాడ వైపు మనిషి. భర్త ఉద్యోగం వెంట దేశమంతా తిరిగొచ్చి, సైనిక్‌పురిలో ఒక మహిళా సంఘం పెట్టింది. నెలకోసారి ఆ సంఘం ఆడవాళ్లంతా ఎవరో ఒకరి ఇంట్లో టీకి చేరేవాళ్లు. త్రిపురసుందరి వంతు వచ్చినప్పుడు మాత్రం ఒక్కరు కూడా మానేవాళ్లు కాదు. అందుకు కారణం ఆ ఇంటి స్కోన్లు.

స్కోను అంటే ఇంగ్లీషువాళ్ల టీ రొట్టె. అరచేతిలో పట్టేంత ఉంటుంది, పైన గరుగ్గా, లోపల మెత్తగా. త్రిపురసుందరి దగ్గర ఒక ఇంగ్లీషు వంటల పుస్తకం ఉండేది. ఆవిడ కుర్చీలో కూర్చుని చదివి తెలుగులో చెబితే, లూర్దమ్మ నిలబడి చేసేది. మైదా, మిలిటరీ క్యాంటీన్ నుంచి వచ్చిన డబ్బా ఓట్స్, దాల్చినచెక్క పొడి, చక్కెర, చిటికెడు తినే సోడా, వెన్న, మజ్జిగ. మొదటిసారి చేసినవి రాళ్లయ్యాయి. రెండోసారీ అంతే. పిండి కనబడితే పిసకకుండా ఉండలేని చేతులు మనవి. చపాతీ పిండిలా మర్దించి మర్దించి దాని ప్రాణం తీసేసింది లూర్దమ్మ. పుస్తకంలో ఉన్నదల్లా కలపమని మాత్రమే. ఎంత కలపాలో, ఎక్కడ ఆపాలో పుస్తకం చెప్పలేదు, చదివిన ఆవిడకు తెలియదు. లూర్దమ్మ తనే కనిపెట్టింది. మురుకుల పిండికి డాల్డా రుద్దినట్టు వేళ్ల కొసలతో వెన్నను పొడిపిండికి పట్టించాలి. చల్లటి మజ్జిగ పోసి, ముద్ద అయీ కాకముందే చెయ్యి తీసేయాలి. చెయ్యి తీయడమే ఆ పనిలో అసలు విద్య.

హాల్లో మాత్రం త్రిపురసుందరి "ఏదో, నా చేత్తో నేనే చేశానండీ" అనేది. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. లూర్దమ్మ వంటింటి గుమ్మంలోంచి వినేది, ఊరుకునేది. పనిమనిషికి పేరెందుకు, అనుకునేది అప్పట్లో.

ఎనభై ఆరులో దసరా ముందర సంఘంలోని అరుణకుమారి అనే ఆవిడ మంచినీళ్ల కోసమని వంటింట్లోకి వచ్చింది. లూర్దమ్మ చేతికంతా పిండి. "ఇవి చేసేది నువ్వా?" అని అడిగింది. లూర్దమ్మకు అబద్ధం నోటికి రాలేదు. "నేనేనమ్మా" అంది. గుమ్మం అవతల త్రిపురసుందరి విననే విన్నది.

వారం తిరక్కుండా ఆ ఇంట్లో రెండు వెండి చెంచాలు కనబడకుండా పోయాయి. త్రిపురసుందరి లూర్దమ్మ సంచీ వెతికింది, కొంగు విప్పించింది. ఏమీ దొరకలేదు. అయినా సాయంత్రానికి సంఘంలో ప్రతి ఇంటికీ కబురు వెళ్లింది, వంటమనిషి దొంగ అని. కాప్రా నుంచి మల్కాజిగిరి దాకా ఏ గడప ఎక్కినా "పని లేదమ్మా" అన్నారు. పదకొండేళ్ల చాకిరీకి ఒక్క మాటతో నిప్పు పెట్టేసిందావిడ.

లూర్దమ్మ ఆ మాట ఇంట్లో చెప్పలేదు. భర్త ఏలియా నాచారంలో దారం మిల్లు కార్మికుడు, ముక్కు సూటి మనిషి. చెబితే సైనిక్‌పురి వెళ్లి గొడవ పెడతాడు, గల్లీ అంతా తెలిసిపోతుంది. అందుకని "మోకాళ్లు నొస్తున్నయ్, బస్సులెక్కలేను, మానేసిన" అంది. అతను నమ్మాడు. గల్లీ కూడా నమ్మింది.

తర్వాత పెద్ద డేక్సాలో ఇసుక పోసి, కిరోసిన్ స్టవ్ మీద పెట్టి, ఇసుకలో ఇనుప కుదురు మీద పళ్లెం పెట్టి, మూత మీద నిప్పులు పోసి ఇంట్లోనే స్కోన్లు కాల్చడం మొదలుపెట్టింది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గేటు దగ్గర బుట్ట అరగంటలో ఖాళీ అయ్యేది. మిగతా ఆరు రోజులూ ఒకటే ఆలోచన. దొంగ అన్న నోటితోనే ఆ మాట వెనక్కి తీయించాలి. ఆవిడ తలను నలుగురిలో దించాలి. పిండి కలిపేటప్పుడు మాత్రం ఆ ఆలోచన పక్కన పెట్టేది, కోపం వస్తే చెయ్యి పిసుకుతుందని.

ఇటు త్రిపురసుందరి తిప్పలు త్రిపురసుందరివి. పుస్తకం చూసుకుని తనే చేయబోతే రాళ్లే వచ్చాయి. పొయ్యి పాడైందని కొన్నాళ్లు, ఓట్స్ దొరకలేదని కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. ఎనభై ఎనిమిదిలో సంఘం అధ్యక్షురాలి ఎన్నిక దగ్గరపడింది, ఆవిడ పోటీలో ఉంది. ఈసారి టీకి స్కోన్లు లేకపోతే పరువు పోయేలా ఉంది. నాచారంలో ఎవరో ఒకామె అమ్ముతుందని విని డ్రైవర్ కొమురెల్లిని పంపింది.

కొమురెల్లి గేటు దగ్గర బుట్టను చూశాడు, బుట్ట వెనక మనిషిని చూశాడు. "నువ్వేనా అక్కా" అని నవ్వాడు. ఎవరి దగ్గర కొన్నదీ అమ్మగారికి చెప్పనన్నాడు. వచ్చే శనివారం టీకి ముప్పై ఆరు కావాలన్నాడు.

"ఎవలెవలొస్తున్రు?" అని అడిగింది లూర్దమ్మ.

"అందరొస్తున్రు. అరుణకుమారమ్మ గూడ."

"అయితే మంచిగ జేస్త తమ్మీ" అంది లూర్దమ్మ. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూసి ఉంటే కొమురెల్లి ఆర్డరు రద్దు చేసుకునేవాడు.

మర్నాడే రెండు పలుచని అల్యూమినియం పళ్లేలు కొని ఉప్పల్ బజారుకు వెళ్లింది. అక్కడ గిన్నెల షాపు ముందు పేర్లు కొట్టే ముసలాయన ఉంటాడు. పెళ్లిళ్లలో, నల్లా దగ్గర గిన్నెలు తారుమారు కాకుండా ఆడవాళ్లు వెనకవైపు పేర్లు కొట్టించుకుంటారు కదా, అందుకు.

"సన్నగ కొడ్తనమ్మా, అందంగుంటది" అన్నాడాయన.

"సన్నగొద్దు. మేకు పెట్టి లోతుగ కొట్టు."

"పలసని పళ్లెం. ఎనక కొడ్తే ముందటికి పొడుసుకొస్తది."

"రానియ్యి. ఒక్కోదానికి ఆరు జాగలల్ల కొట్టు."

"ఒక్క పళ్లేనికి ఆరు పేర్లా? గింత భయమేంది, ఎవలెత్తుకపోతరు?"

"ఒకసారి ఎత్తుకపోయిన్రు" అంది లూర్దమ్మ.

పళ్లెం లోపలివైపు పొడుచుకొచ్చిన చుక్కల మీద పిండి బిళ్ల పెట్టి కాలిస్తే, రొట్టె అడుగున 'లూర్దమ్మ' అని గుంటలు పడి చక్కగా చదవడానికి వచ్చింది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. శనివారం పొద్దున్నే మొదలుపెట్టి ఆరు విడతలు కాల్చింది. పిండిలో వంక పెట్టడానికి లేదు. ఉప్పెక్కువ వేయడం, సోడా పోసి చేదు చేయడం చేతకాని వాళ్ల పగ. అంత రుచిగా ఆమె ఎన్నడూ చేయలేదు.

పదకొండేళ్లు గుమ్మంలో నిలబడి ఆమె గమనించిన సంగతి ఒకటుంది. ఆ ఆడవాళ్లు స్కోనును కొరకరు. మధ్యకు విడదీసి, అడుగు ముక్కను చేత్తో పట్టుకుని దానికి వెన్న రాసుకుంటారు.

ఆదివారం కొమురెల్లి చర్చి గేటు దగ్గరికి పరుగున వచ్చాడు.

"నేను కప్పులందిస్తున్న అక్కా. అమ్మగారు 'పొద్దుట్నుంచీ నడుం విరిగేలా చేశాను' అని జెప్పి అప్పుడే కూసుంది. అరుణకుమారమ్మ ఒకటి ఇడదీసింది. అడుగు ముక్క తిప్పి సూసింది. అద్దాలు పెట్టుకొని మల్ల సూసింది. 'త్రిపురా, పేరు మార్చుకున్నావా?' అన్నది. ఇగ పదహారు మంది పదహారు రొట్టెలు బోర్లించిన్రు."

"అమ్మగారేమన్నది?"

"ఏమంటది? తేలు కుట్టిన దొంగ లెక్క కూసుంది. కల్నల్ సాబ్ మాత్రం నవ్వలేక సచ్చిండు."

లూర్దమ్మ మళ్లీ మొదట్నుంచి చెప్పించుకుంది. మూడోసారి కూడా. ఆ రోజు ఆమె అన్నం తినలేదు, సంతోషంతోనే కడుపు నిండిపోయింది.

మంగళవారం అరుణకుమారి కారులో వచ్చింది. సంఘం వార్షికోత్సవానికి రెండు వందల స్కోన్లు కావాలని, తమ ఇంట్లోనే చేసి పెట్టమని అడిగింది. "మా ఇంట్లో పెద్ద ఓవెన్ ఉంది లూర్దమ్మా. బీరువా తాళాలు మాత్రం నా దగ్గరే పెట్టుకుంటాను, ఏమీ అనుకోకు" అంది మెల్లగా, ఎంతో మర్యాదగా.

లూర్దమ్మ ఒళ్లు భగ్గుమంది. పదహారు మంది ముందు త్రిపురసుందరి పరువు తీసినా, తను మాత్రం వాళ్లకు దొంగగానే ఉండిపోయింది. "తాళాలెందుకమ్మా" అంది. "ముందుగాల ఆ చెంచాల సంగతి త్రిపురసుందరమ్మ వచ్చి తన నోటితోని చెప్పాలె. అప్పటిదాక నేను పిండి ముట్ట."

అరుణకుమారి ఆ షరతును త్రిపురసుందరికి చేరవేసింది. ఎన్నికలో అరుణకుమారి ఎటు మొగ్గితే సంఘం అటు మొగ్గుతుంది. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు త్రిపురసుందరి కారు నాచారం గల్లీ మొదట్లో ఆగింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బురద దాటుకుంటూ వచ్చి, లూర్దమ్మ వాకిట్లో నిలబడి గొంతు తగ్గించింది.

"చెంచాలు దొరికాయి లూర్దమ్మా. పూజగదిలో పెట్టె అడుగున ఉన్నాయి."

"ఎప్పుడు దొరికినయ్?"

ఆవిడ కొంగు సర్దుకుంది. "నువ్వు మానేసిన వారంలోనే."

రెండేళ్లు. రెండేళ్లుగా ఆ చెంచాలతో పాయసం తింటూ, దొంగ మాటను మాత్రం ఊళ్లో తిరగనిచ్చింది. లూర్దమ్మకు ఆవిడ గొంతు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. గల్లీ చివర నల్లా వచ్చే వేళ అది. ముప్పై మంది ఆడవాళ్లు బిందెలతో వరసలో ఉన్నారు.

"నా చెవుల జెప్తే నడువది" అంది. "అగో, ఆడికి వచ్చి అందరు ఇనేటట్టు జెప్పున్రి."

త్రిపురసుందరి నల్లా వైపు చూసింది. తనకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. ఇంత తేలిగ్గా పోతుందని ఆవిడ అనుకోలేదు. చకచకా నడిచివెళ్లి, సంఘంలో ఉపన్యాసం ఇచ్చినట్టు గొంతు ఎత్తింది.

"అమ్మా, అందరూ వినండి. ఈ లూర్దమ్మ మా ఇంట్లో వెండి చెంచాలు దొంగిలించలేదు. నేనే పొరపాటుపడి దొంగతనం అంటగట్టి పనిలోంచి తీసేశాను."

చెప్పేసి, వెనుదిరిగి కారెక్కి వెళ్లిపోయింది.

నల్లా కింద బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ చూసుకోలేదు. అందరూ లూర్దమ్మ వైపే చూస్తున్నారు. అప్పుడు తెలిసింది లూర్దమ్మకు, ఈ ముప్పై మందిలో ఆ మాట ఇంతకుముందు విన్నవాళ్లు ఎవరూ లేరని.

ఏలియా మిల్లు నుంచి వచ్చేలోపే గల్లీ అతనికి అంతా చెప్పేసింది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం నువ్వుల నూనె వేడి చేసి ఆమె మోకాళ్లకు మర్దన చేసినవాడు అతను. గడపలోనే నిలబడి "నొప్పులని జెప్పినవ్ గదా" అన్నాడు. ఆ ఆదివారం నూనె వేడి చేయలేదు.

ఎదురింటి శారదమ్మ టీచరు. బడికి వెళుతూ రోజూ తాళంచెవి లూర్దమ్మ చేతికి ఇచ్చి పోయేది. సోమవారం తాళం వేసి, చెవిని తన పర్సులో వేసుకుంది. "ఇయ్యాల మా ఆయన జల్ది వస్తనన్నడు, ఇంకో చెవి ఆయన దగ్గరనే ఉంది వదినా" అని నవ్వింది. మంగళవారం ఆ కారణం కూడా చెప్పలేదు. నిప్పు లేనిదే పొగ రాదు అనుకుని ఉంటుంది. ఎవరైనా అదే అనుకుంటారు.

సంఘం వార్షికోత్సవానికి లూర్దమ్మ పిండి ముట్టలేదు. మీ హాల్లో మైకు ముందు చెప్పించండి, అప్పుడు చేస్తాను అని కబురు పంపింది. వాళ్లు బజారు బిస్కెట్లతో కానిచ్చారు. త్రిపురసుందరే అధ్యక్షురాలైంది.

తర్వాత చాలా ఏళ్లకు, చర్చి గేటు దగ్గర ఎవరో అడిగారు, త్రిపురసుందరిని నల్లా దగ్గరికి ఎందుకు లాక్కొచ్చావు, బాధ లేదా అని. లూర్దమ్మ బుట్ట మీద గుడ్డ సర్దుతూ చెప్పింది.

"చెప్పిచ్చినందుకు బాధ లేదు. ఇంకా పదిసార్లు చెప్పిస్త. కని జాగ తప్పిన. దొంగన్న మాట సైనిక్‌పురిల పుట్టింది, దాన్ని ఆడనే సంపాల్సుండె. నేనే నా చేతులతోని ఎత్తుకొచ్చి నా గల్లీల పెట్టుకున్న."