ముగ్గుతో వేసిన సోఫాసెట్టు

నా చిన్నప్పుడు మా ముందుగదికి అసలు యజమాని మా అమ్మ కుట్టుమిషను. అమలాపురం దగ్గర పల్లెలో మాది చిన్న డాబా ఇల్లు. ముందుగదికి కాలవ వైపు పెద్ద కిటికీ ఉండేది. ఇంటి వెలుతురంతా అక్కడే. చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళ రవికలన్నీ అమ్మ ఆ కిటికీ పక్కనే కూర్చుని కుట్టేది. తప్పు పోని కుట్టు అని ఆవిడకి పేరు. ఆ పేరంటే ఆవిడకి ప్రాణం.

మా నాన్నగారిది కొబ్బరికాయల వ్యాపారం. మనిషి మంచివారే గానీ కాస్త దర్జా పిచ్చి. రాజోలులో ఎవరో స్నేహితుడి ఇంట్లో సోఫాసెట్టు, గాజు తలుపుల షోకేసు చూసొచ్చి, అచ్చం అలాంటివే కావాలని వడ్రంగికి చెప్పేశారు. షోకేసు కిటికీకి అడ్డంగా పెడితేనే గదికి నిండుదనమట. మిషను వంటింటి పక్క గదిలోకి పోవాలట. ఆ గదిలో పట్టపగలే కందిపప్పుకీ పెసరపప్పుకీ తేడా తెలిసేది కాదు. అమ్మ సరేనని దారాలు సర్దుకోసాగింది. నాకు మాత్రం నాన్నగారి మీద చెడ్డ కోపం వచ్చింది.

మా నాయనమ్మ కూడా కొడుకుతో వాదన పెట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే మిషనుని అమ్మ చేతా నా చేతా పక్కగదిలోకి జరిపించి, ముగ్గుపిండి పట్టుకుని ముందుగదిలో చతికిలబడింది. నాన్నగారు వచ్చిన వాళ్ళందరికీ చెబుతున్న కొలతలే తీసుకుని, మూరతో కొలిచి, నేలమీద గళ్ళు గీసింది. పెద్ద సోఫా, చిన్నవి రెండు, నడుమ టీపాయి, కిటికీ కింద షోకేసు.

"ఇంట్లో ఈ ముగ్గులేంటమ్మా?" అన్నారు నాన్నగారు.

"నీ సోఫాలేరా. అవొచ్చేలోపు అలవాటవ్వాలి కదా. తొక్కకు, పక్కనుంచి వెళ్ళు."

మా ఇంట్లో ముగ్గు తొక్కడం ఎవరికీ చేతకాదు. నాన్నగారు అంత మనిషీ గోడకి వీపు రాసుకుంటూ గది దాటవలసి వచ్చింది. కాఫీ గ్లాసులతో నేను ఒక్కో పాదం వెతుక్కుంటూ నడిచాను. రోజూ చాపలు పరుచుకుని గుండ్రంగా కూర్చునే వ్యాపారం మనుషులు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. లోపలికి రమ్మంటే, "ఆయ్, ఇక్కడే బాగుందండి" అని మొహమాటపడ్డారు. భోజనాలయ్యాక నాన్నగారు గాలి తగిలే చోట కునుకు తీద్దామని వస్తే సరిగ్గా అక్కడే టీపాయి ఉంది. చంకలో తలగడతో ఆయన అలా నిలబడిపోవడం చూసి నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

చివరికి ఆయన పడుకునే చోటు వెతుక్కుంటూ పక్కగదిలోకి వెళ్ళారు. అక్కడ అమ్మ ఒక పట్టు రవికని తలుపుసందు వెలుగుకి ఎత్తి పట్టుకుని, పొద్దుటినుంచీ వేసిన కుట్టంతా విప్పుతోంది. గుడ్డ నీలం, వేసింది నల్లదారం.

"నీలం దారమే అనుకున్నానండి. రేపు పెళ్ళివాళ్ళకి ఇచ్చేయాలి" అంది, తల ఎత్తకుండా.

నాన్నగారు తలగడ అక్కడే పెట్టి, తడిగుడ్డ తెచ్చి, ముందుగా కిటికీ కింది షోకేసుని తనే తుడిచేశారు. తర్వాత మిషను ఒక పక్క ఆయన, ఒక పక్క నేను పట్టుకుని మళ్ళీ వెలుతుర్లోకి తెచ్చాం. అమ్మ కూర్చుని దారం ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది.

సోఫాకని తీసిన టేకు చెక్కతో వడ్రంగి అరుగుమీదికి పొడుగాటి బెంచీ చేశాడు. వ్యాపారం మనుషులు దాని మీదే దర్జాగా కూర్చునేవారు. మిగిలిన ముక్కలు అమ్మ చేతికందే ఎత్తులో దారాల అర అయ్యాయి. ఆ అర చేయించాలన్న ఆలోచన మాత్రం నాన్నగారిదే.

"సామాను ఎక్కడ పడేసినా పడుంటుందే. మనిషి పనికే వెలుతురు కావాలి, చెయ్యి ఆడే చోటు కావాలి" అంది నాయనమ్మ నాతో, మిషను వెనక్కొచ్చిన ఆ సాయంత్రం నేల కడుగుతూ.

ఇప్పుడు మా బంధువుల్లో ఎవరు ఇల్లు కట్టుకున్నా, ఫ్లాటు కొనుక్కున్నా ఫోనులో గదుల బొమ్మలు చూపించి నన్నడుగుతారు. రంగుల గురించి నాకేం తెలియదు, తెలిసినట్టు నటించను. ఏ గదిలో ఎవరు ఏం చేస్తారని అడుగుతాను. దానికి జవాబు చెప్పలేకపోతే కొనుగోళ్ళు ఆపమంటాను, నిర్మొహమాటంగానే. ఈ విషయంలో నా సలహా తప్పని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఎవరింట్లో కొత్త సామాను మెరుస్తూ కనబడినా, దీనికోసం ఏ ఇల్లాలు చీకట్లోకి జరిగిందోనని నా కళ్ళు ముందు వెతుకుతాయి.