తువ్వాలు కట్టిన పెళ్లికొడుకు

అరకు ఎండ దొంగ ఎండ. గాలి చల్లగా తగులుతుంటే కాలుతున్నట్టే తెలియదు, సాయంత్రం అద్దంలో చూసుకుంటే ముక్కు మీద తోలు ఊడి ఉంటుంది. డుంబ్రిగుడ అవతల కొండ మీది ఊరికి రోడ్డు వేయించే సూపర్‌వైజరుగా చేరిన రోజు నుంచీ విజయనగరంలో ఉన్న మా అమ్మకు ఒకటే బెంగ. నా ఉద్యోగం గురించి కాదు, నా రంగు గురించి.

"ముకం మాడ్సుకున్నావంటే పిల్లనెవులిత్తార్రా? పెళ్లయ్యేదాకైనా జాగర్త!" అని రోజూ ఫోను.

నిజం చెప్పాలంటే నాకూ ఆ భయం ఉంది. ముఖానికి సున్నం కొట్టినట్టు క్రీము పూసి, పైన తువ్వాలు చుట్టి, నల్ల కళ్లద్దాలు, టోపీ పెట్టి, చేతులకు తొడుగులు వేసేవాణ్ణి. మాట్లాడినా తువ్వాలులోంచే, భోజనం కూడా సిమెంటు షెడ్డులో తలుపేసుకునే. పనిలోకి వచ్చే కొండ ఊరి ఆడవాళ్లు నన్ను ముసుగు సారు అనేవారు. అననీ, నాకేం?

చివరికి ఒక సంబంధం కుదిరేలా ఉంది. ఫోటోలో ఆ అమ్మాయి నవ్వు చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు. పిల్ల మేనమామ వాకబు చేయడానికి సైటుకే వస్తున్నాడని అమ్మ చెప్పగానే షెడ్డులోకి దూరి, చుట్టినవన్నీ విప్పి, ముఖం కడిగి, తల దువ్వుకుని బయటికొచ్చాను. అప్పటికే ఆయన నా ఫోటో పట్టుకుని ఆడవాళ్లను అడుగుతున్నాడు.

"ఈ బాబు ఇక్కడ పని సేత్తన్నాడా?"

"ఈయనెవులో మాకు తెల్దు బాబూ" అంది అందరిలోకీ పెద్దావిడ.

"అయ్యో, నేనేనమ్మా!" అంటూ ఎదురెళ్లాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏటి నువ్వు? గొంతు కూడా మా సారుది కాదు. ఓలమ్మో, సారు సొక్కా తొడిగేసినాడే! సారునేటి సేసినావు?"

పక్కావిడ పార ఎత్తింది. మేనమామ గబగబా జీపు వైపు జరిగాడు. నా పెళ్లి నా కళ్ల ముందే కొండ దిగిపోతోంది. ఇక చేసేది లేక మళ్లీ షెడ్డులోకి పరిగెత్తి, తువ్వాలు, కళ్లద్దాలు, టోపీ అన్నీ తగిలించుకుని వచ్చాను.

"అదిగో మా సారు! బేగి రా సారూ, ఎవుడో దొంగ నీ సొక్కా ఏసుకుని షెడ్డులో దూరినాడు!"

వాడు పారిపోయాడని చెప్పాను. ఇంకేం చెప్పను?

మేనమామ ఒక నిట్టూర్పు విడిచి, ఈ ముసుగాయన ఎలాంటివాడని వాళ్లనే అడిగాడు. ఇక చూడాలి! ఎండ ముదిరితే పని ఆపించి నీడలో కూర్చోబెడతాడని, పల్లెత్తు మాట అనడని, తన క్రీము చంటిపిల్ల బుగ్గలకు కూడా రాశాడని ఒకరి మాటకొకరు అడ్డొస్తూ చెప్పారు. ఆయన నన్ను ఆ వేషంలోనే ఫోటో తీసుకుని, జీపెక్కి వెళ్లిపోయాడు. సంబంధం పోయిందనే అనుకున్నాను.

మర్నాడు సైటులో ఉండగా ఆ అమ్మాయే ఫోను చేసింది.

"మొదటి ఫోటోలో తెల్లాయన ఎవరో ఒక్కరికీ తెల్దంట. ఈ తువ్వాలాయన్నైతే అందరూ మంచోడన్నారంట. నేను తువ్వాలాయన్నే చేసుకుంటానని మావయ్యకి చెప్పేశానండి."

కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటుంటే పెద్దావిడ చూసి, "ఏటైనాది సారూ?" అంది.

"ఎండమ్మా" అన్నాను.