దాయమ్మ మోసిన మిషిన్

కిషన్‌బాగ్‌లో పుష్పమ్మను పేరు పెట్టి పిలిచిన మనిషి ఆమె భర్త ఒక్కడే. అతను బర్రెల్ని మేపుకుని ఇంటింటికీ పాలు పోసేవాడు. కలరా వచ్చిన ఏడు పోయాడు. అప్పటినుంచి ఆమె హిందువుల ఇళ్లలోనూ ముసల్మానుల ఇళ్లలోనూ దాయమ్మే. కాన్పు చేయడం అత్త దగ్గర నేర్చుకుంది. పెద్ద దవాఖానా నదికి అవతల ఉండేది. టాంగా కిరాయి ఉన్నవాళ్లకు, తెలిసిన డాక్టరు ఉన్నవాళ్లకు అది దవాఖానా. మిగిలినవాళ్లకు పుష్పమ్మ చేతులు. ఈ మాట ఆమెను మెచ్చుకోవడానికి అనడం లేదు. బిడ్డ అడ్డం తిరిగితే ఆ చేతుల్లోనే తల్లులు చచ్చిపోయారు కూడా. ఆ చావులకు ఆమెను తిట్టినవాళ్లు ఉన్నారు గానీ, ఈ గల్లీల దగ్గర ఒక దవాఖానా కట్టరెందుకని సర్కారును అడిగినవాళ్లు లేరు.

బిడ్డ వెనక పడే మాయను కొత్త కుండలో పెట్టి, ఉప్పూ పసుపూ వేసి, ఆ ఇంటి వాకిట్లోనే పాతిపెట్టడం కూడా ఆమె పనే. కుండలో ఒక ఇనుప ముక్క తప్పకుండా ఉండాలి. పాత మేకో, విరిగిన కొడవలి మొనో, కార్వాన్‌లో గుర్రాలకు నాడాలు కొట్టే మొగులయ్య పారేసిన ముక్కో. ఇనుముంటే కుక్క తవ్వదు, గాలి సోకదు అని అత్త చెప్పింది. ముసల్మానుల ఇళ్లలోనూ ఎవరూ కాదనలేదు. అట్లా ఆ గల్లీల్లో ప్రతి వాకిట్లోనూ ఇనుము చేరింది. నలభై ఎనిమిది చలికాలం దాకా అది ఎవరికీ కీడు చేయలేదు.

ఆ ఏడు సెప్టెంబరులో, పట్నం మీదికి పటాలం వస్తోందని అందరూ తలుపులు బిగించుకున్న రోజుల్లో జాహెదాకు నొప్పులొచ్చాయి. భర్త బీదరు వైపు పనికి పోయి ఉన్నాడు, కబురు లేదు. ఇంట్లో ఉన్న మగదిక్కు ముసలి తండ్రి షఫీఉద్దీన్ ఒక్కడే. ఆడపిల్ల ఊపిరి లేకుండా పుట్టింది. కబ్రస్తాన్‌కు తీసుకుపోవాలంటే నలుగురు మగవాళ్లు వీధిలోకి రావాలి. రావడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. షఫీఉద్దీన్ దుఆ చదివాడు. పుష్పమ్మ గోడవారన మోకాలి లోతు తవ్వి, గుడ్డలో చుట్టిన పిల్లను పడుకోబెట్టింది. అలవాటు చొప్పున పక్కన ఒక కొడవలి ముక్క పెట్టింది.

"లొల్లి సద్దుమణిగినంక కబ్రస్తాన్‌కు తీస్కపోదాం బిడ్డా," అంది.

లొల్లి సద్దుమణిగింది. కానీ పిల్ల తండ్రి వచ్చి ఒక్కసారైనా ఆ చోటు చూడాలి, అప్పటిదాకా కదిలించొద్దు అంది జాహెదా. సాయంత్రాలు ఆ గోడవారనే కూర్చునేది.

చలి మొదలయ్యేసరికి తనిఖీలు వచ్చాయి. దాచిన తుపాకులు బయటికి తీయాలని కొత్త సర్కారు హుకుం. తుపాకులు పంచిపెట్టి జెండాలు పట్టి ఊరేగించిన పెద్దమనుషుల్లో కొందరు అప్పటికే దేశం దాటారు, కొందరు కొత్త దొరల మెడలో దండలు వేసి ఫోటోలు దిగారు. తవ్వకాలు మాత్రం కూలీనాలీ చేసుకునేవాళ్ల గల్లీల్లో జరిగాయి.

చాంద్రాయణగుట్ట దగ్గర డేరాలు వేసుకున్న తనిఖీ దళానికి ఒక కొత్త మిషిన్ వచ్చింది. భూమిలో ఉన్న ఇనుమును పట్టేస్తుందట. కానీ గోషా ఉన్న ఇళ్లలో, మగవాళ్లు లేని ఇళ్లలో సిపాయిలు లోపలి వాకిళ్లలోకి పోతే ప్రతిసారీ గొడవే. నలుగురికీ తెలిసిన ఆడమనిషి ఎవరైనా దాన్ని పట్టుకుంటే మేలని దళం జమాదారు సోమశేఖర్ అడిగించాడు. అతను రాజమండ్రి వైపు మనిషి. పుష్పమ్మ తానే పోయి, నేను పట్టుకుంటానంది.

పక్కింట్లో పాలమ్ముకునే ఆండాలుకు ఒళ్లు మండింది.

"ఏందక్కా, కాన్పులు సాలక కవాతుకు పోతున్నవా? బూట్లు గూడ ఇస్తరా?"

"గా మిషిన్ సప్పుడు చెవులకు పెట్టుకున్నోళ్లకే ఇనబడ్తదంట," అంది పుష్పమ్మ. "వేరేటోళ్ల చెవులు జాహెదా ఇంట్లకు ఎందుకు పోవాలె? నేనే పోత."

ఆండాలు పాలచెంబు ఎత్తుకుని లోపలికి పోయింది.

నేర్చుకోవడం డేరాల వెనక మైదానంలో. వీపున బరువైన పెట్టె, చెవులకు రెండు చిప్పలు, చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర పళ్లెం. మొదటిరోజు ఎక్కడ పెట్టినా చెవులు పగిలేట్టు మోత. సోమశేఖర్ మర తిప్పి చూశాడు, వైర్లు లాగి చూశాడు. చివరికి ఆమె నడుము వైపు చూశాడు.

"ఆ సంచిలో ఏముందమ్మా?"

"బొడ్డు కోసే కత్తి. తాళపుచెవి."

"తీసి అవతల పెట్టు. ఇందాకట్నుంచి నిన్ను నువ్వే పట్టుకుంటున్నావు."

సిపాయిలు పడీపడీ నవ్వారు. ఆమె సంచి విప్పి గుడారం గుంజకు తగిలించింది. మోత తగ్గి, సన్నటి రొద మిగిలింది.

"ఊడ్చకమ్మా, అది చీపురు కాదు. నేలకు జానెడెత్తున, నిదానంగా. రొద ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది, అది చూసుకో. మేకయితే అరచెయ్యంత చోటే అరుస్తుంది. తుపాకీ అయితే దాని పొడుగంతా అరుస్తుంది."

అతను తూటా డొల్లలు, గుర్రపు నాడా, పాత తుపాకీ గొట్టం పాతించి, ఆమెను వెతకమన్నాడు. మొదట్లో నాడాను తుపాకీ అంది, తుపాకీని దాటుకుని పోయింది. పెట్టె పట్టీలకు భుజాలు కమిలాయి. పడుకున్నా చెవుల్లో రొద వినిపిస్తూనే ఉండేది. నిండు కడుపుకు చెవి ఆనించి లోపలి చప్పుడు వినడం ఆమెకు అలవాటున్న పని. ఆ ఓపికే ఇక్కడా పెట్టింది. వారం తిరిగేసరికి ఏది చిన్నదో ఏది పెద్దదో చెప్పగలిగింది.

మొదట రామలింగం ఇల్లు. వాకిట్లో రొద పెరిగింది. ఆమె నోరు తెరిచేలోపే సిపాయి గడ్డపార దింపాడు. కుండ పగిలింది. మట్టి, తుప్పు పట్టిన మేకు.

"ఏమిటిది?" అన్నాడు సోమశేఖర్.

"మాయ, అయ్యా. ఈ ఇంటి నడిపోనిది. నేనే పాతిన."

పెంకు పట్టుకున్న సిపాయికి ఎవరో హిందీలో సంగతి చెప్పారు. అతను దాన్ని కింద పడేసి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. మిగిలినవాళ్లు నవ్వారు.

"ఇకమీదట అలాంటిదైతే ముందే చెప్పు తల్లీ," అన్నాడు సోమశేఖర్.

అప్పట్నుంచి ఆమె ఆగిన చోటల్లా చెప్పేది. ఇది పెద్దపిల్లది, ఇది అమ్మవారు పోసి పోయిన పోరనిది. సిపాయిలు తవ్వకుండా ముందుకు నడిచేవారు. దాయమ్మ మాయ అన్నచోట తవ్వరని గల్లీ అంతా పాకింది. జాహెదా ఇంట్లో గోడవారన రొద లేచినప్పుడు పుష్పమ్మ మొహం కదలనివ్వలేదు. "మాయ," అని దాటింది. గడప దగ్గర నిలబడ్డ సిపాయి ఆవలించాడు. ఆమె మిషిన్ ఎత్తుకున్నది ఈ ఒక్క మాట కోసమే.

తర్వాత కొన్నాళ్లకు ఖదీజా ఇల్లు వచ్చింది.

ఖదీజా కొడుకు అన్వర్ గుండీల కార్ఖానాలో పనివాడు. ఆ వేసవిలో ఎవరో పెద్దమనిషి చేతికి తుపాకీ ఇచ్చి కవాతుకు రమ్మంటే, ఇచ్చే రొట్టెలకు, నలుగురిలో కనబడే దర్జాకు ఆశపడి నాలుగు వారాలు తిరిగాడు. ఇచ్చినవాడు పారిపోయాడు. తుపాకీ వీడి దగ్గర మిగిలింది. దాయమ్మ మాయ అంటే తవ్వరని విని, తన మాయ పాతిన చోటే తవ్వి దాన్ని పెట్టాడు.

పుష్పమ్మ చెవుల్లో రొద లేచింది. కర్ర జరిపింది, తగ్గలేదు. ఇంకా జరిపింది, ఇంకా ఉంది. పొడుగంతా అరుస్తోంది.

పరదా వెనక నుంచి ఖదీజా గొంతు వచ్చింది. "దాయమ్మా, అది మా అన్వర్‌ది. యాద్ ఉన్నది గదా? కాళ్లు ముందుగాల వచ్చినయ్. ఇద్దరం సస్తమనుకున్న."

"ఏమ్మా, ఆగిపోయావ్?" అన్నాడు సోమశేఖర్ గడప అవతలినుంచి.

తుపాకీ దొరికిన ఇళ్లనుంచి తీసుకుపోయిన కుర్రాళ్లు ఎట్లా తిరిగొస్తున్నారో పుష్పమ్మ చూస్తూనే ఉంది. కొందరు రావడమే లేదు. ఇటు అబద్ధం చెప్పాక అది బయటపడితే తన మాటకు విలువ ఉండదనీ, ప్రతి వాకిలీ తవ్వుతారనీ, జాహెదా గోడవారనా తవ్వుతారనీ కూడా ఆమెకు తెలుసు.

"అన్వర్‌ది మాయ, అయ్యా," అంది.

మంచినీళ్లు తాగే మిషతో లోపలికి పోయి ఖదీజా చెయ్యి పట్టుకుంది. "దాన్ని ముట్టకు, ముట్టనియ్యకు. ఉన్నకాడనే ఉండనియ్యి. నా మాట మీద పదిళ్లు నిలవడ్డయ్."

"నీ కాళ్లు మొక్కుత అమ్మా. నువ్వు చెప్పినట్టే," అంది ఖదీజా.

అన్వర్ వినలేదు. తుపాకీ ఇంట్లో ఉంటే ఎప్పటికైనా ప్రమాదమని, గడ్డిమోపులో చుట్టి మూసీలో పారేయబోయాడు. వంతెన మీద పట్టుకున్నారు. కొట్టారు. ఎక్కడ దాచావంటే చెప్పాడు.

సోమశేఖర్ ఆమె గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నీకు వినబడలేదా, వినబడీ చెప్పలేదా?"

"ఇనబడ్డది."

"నేను నిన్ను నమ్మాను చూడు, అదీ నా తెలివి. పైవాళ్ల ముందు నా పరువేమైందో తెలుసా?"

"ఆని పానం పోతదనుకున్న అయ్యా."

 అతను పైనుంచి వచ్చిన హుకుం చెప్పాడు. అన్ని ఇళ్లూ మళ్లీ వెతకాలి, మోగిన ప్రతిచోటూ తవ్వాలి. మిషిన్ ఆమే మోయాలి. ఆమె ముగించాక వాకిట్లో ఒక సిపాయి చిప్పలు తగిలించుకుని మళ్లీ చూస్తాడు. "నువ్వు దాటేసిన చోట వాడికి మోగిందంటే ఆ ఇంటి మగవాణ్ణి తీసుకుపోతాం. ఇక నీ మాటతో పని లేదు."

గల్లీ మొదట్నుంచి చివరిదాకా గడ్డపారలు దిగాయి. ఆడవాళ్లు తలుపుల దగ్గర నిలబడి, తమ పిల్లల మాయకుండలు బూట్ల కింద పగలడం చూశారు. ఎవరూ పుష్పమ్మను తిట్టలేదు. మాట్లాడటం మానేశారు.

జాహెదా ఇంట్లో షఫీఉద్దీన్ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దాటేస్తే తీసుకుపోయేది ఆ ముసలాయననే. పుష్పమ్మ గోడవారన ఆగింది.

"ఇక్కడ ఉన్నది అయ్యా. ఇక్కడ సచ్చిపుట్టిన పసిపిల్ల ఉన్నది. పక్కకు కొడవలి ముక్క పెట్టిన. గంతే. నా చేతుల పుట్టిన బిడ్డల మీద ఒట్టు."

"అన్వర్ ఇంట్లోనూ ఇలాగే చెప్పావు," అన్నాడు సోమశేఖర్. "తవ్వండి."

"నేను తవ్వుత. గడ్డపార ఎయ్యకుండ్రి."

అతను తలూపాడు. ఆమె పెట్టె దించి, కూర్చుని, చేతులతో మట్టి తీసింది. గుడ్డ కనబడగానే సిపాయిలు వెనక్కి జరిగారు. సోమశేఖర్ టోపీ తీశాడు. టోపీ తీసినంత మాత్రాన తవ్విన గొయ్యి పూడదు.

జాహెదా ఏడవలేదు. మట్టి మీద పడి ఉన్న కొడవలి ముక్కను కాలితో జరిపింది.

"ఇది పెట్టకుంటే మోగకపోతుండె గదా అమ్మా?"

"మోగకపోతుండె."

"మరి ఎందుకు పెట్టినవ్?"

పుష్పమ్మ చేతులు చాపింది, పిల్లను ఎత్తడానికి. జాహెదా ఆ చేతుల్ని పక్కకు నెట్టి తానే ఎత్తుకుంది. షఫీఉద్దీన్ తన శాలువా తీసి కప్పాడు. కబ్రస్తాన్‌కు ముసలాయనా కూతురూ ఇద్దరే నడిచారు. వెంట రావడానికి ఆ గల్లీలో మిగిలిన మగవాళ్లు తక్కువ. మిగిలినవాళ్లు తలుపులు తీయలేదు.

"తర్వాతి ఇల్లు," అన్నాడు సోమశేఖర్.

గల్లీ చివర మిగిలింది ఆండాలు ఇల్లు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. వాకిలంతా అప్పటికే తవ్వేసి ఉంది. ఆమే తవ్వుకుంది. తన పిల్లల మాయకుండలన్నీ తీసి గడపలో వరసగా పెట్టింది. వాటిలోని ఇనుప ముక్కలు వేరుగా ఒక చాటలో పోసింది. చేతులకు ఇంకా మట్టి ఉంది.

"ఇవ్వే ఉన్నయ్. లెక్క చూస్కోండ్రి," అంది జమాదారుతో. తర్వాత పుష్పమ్మ వైపు తిరిగింది. "అక్కా, నువ్వయితే ఆ మిషిన్ ఏస్కొని నా గడప తొక్కకు."

వెనక నుంచి సోమశేఖర్ నడవమన్నాడు. పుష్పమ్మ చిప్పలు చెవులకు తగిలించుకుంది. కుండలకు కాలు తగలకుండా దాటి లోపలికి పోయింది.