ఏడో గుడ్డ

దయ్యాలు లేవని ఇరవై ఏళ్లు పిల్లలకు చెప్పిన సైన్సు టీచర్ని. ఇప్పటికీ నమ్మను. అయినా ఆ గుడ్డ సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

తెలంగాణ రావడానికి ఐదారేళ్ల ముందు మాట. గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ లక్ష్మి వదినది. ఆమె భర్త రాజన్న బొగ్గు గనిలో పనిచేసేవాడు. వదిన హైదరాబాద్‌లో ఒక జపాన్ ఆవిడ దగ్గర ఆ దేశపు కొత్త మతం ఒకటి నేర్చుకొచ్చింది. ఆదివారం పొద్దున ఏడుగురం ఆమె ముందుగదిలో కూర్చొని, చేతులు తిప్పుతూ, అర్థం తెలియని పాటలు పాడేవాళ్లం. నేను మాత్రం ఆమె చేసే అటుకుల కోసమే పోయేదాన్ని. ఆ మాట మొహం మీదే అంటే పడీపడీ నవ్వేది. ఆ ఆదివారాలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

ఆ మతం పుట్టిన ఊరికి పోతే అక్కడివాళ్లు 'ఇంటికి తిరిగొచ్చారా' అని పలకరిస్తారు. గుడి చుట్టూ పొడవాటి చెక్క వసారా. వచ్చినవాళ్లు మోకాళ్ల మీద వంగి దాన్ని తుడవడమే సేవ. వదినకు ఒకటే కోరిక, ఒక్కసారి దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడవాలని.

"నా ఇల్లు ఎంత తుడ్సినా గంటకే బొగ్గు దుమ్ము. తుడ్సింది తుడ్సినట్టుండే ఇల్లు ఒక్కసారన్న చూడాలె," అనేది.

అక్కడికి పోదామని అనుకున్నాం, ఏడుగురికీ వీసాలొచ్చాయి. ఇరవై రోజుల్లో ప్రయాణం అనగా వదిన గుండె ఆగింది. నేను మానేస్తానంటే రాజన్న ఒప్పుకోలేదు. ఆమె పేరు మీద తుడిచి రమ్మన్నాడు. ఆరుగురం పోయాం.

అక్కడ పొద్దున్నే ఆరు తెల్లగుడ్డలు ఇచ్చారు. నేనే అందరికీ పంచాను. రోజూ ఎవరో ఒకరు తుడుస్తూనే ఉంటారు కాబట్టి ఆ వసారాలో దుమ్మన్నదే లేదు. సగం దూరానికే నా మోకాళ్లు పట్టేశాయి. ఆపేశాను. వదిన కోసం ఆ మాత్రం కూడా చేయలేకపోయానని ఏడుపొచ్చింది.

గుడ్డలు ఉతికి తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేశాం. టీ తాగి వచ్చేసరికి ఏడున్నాయి. ఏడోదానికి క్లిప్పు లేదు. రెండు కొసలూ తీగకు ముడేసి ఉన్నాయి. గాలికి ఎగిరిపోకుండా మా కాలనీలో వదిన ఒక్కతే అట్లా కట్టేది. ఆ గుడ్డ నల్లగా ఉంది. కొస పిండితే నల్లటి నీళ్లు కారాయి. గుడ్డలిచ్చినావిడను అడిగితే ఆరే ఇచ్చానని వేళ్లతో చూపింది.

ఉతకబుద్ధి కాలేదు. అట్లాగే తెచ్చి రాజన్న చేతిలో పెట్టాను. నేను సగంలోనే ఆపేశానన్నది కూడా దాచలేదు. అతను గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూశాడు. బొగ్గును అతనికి ఇంకొకరు చూపించాల్సిన పని లేదు.

"మిగిలింది ఆమెనే తుడ్సుకున్నది, చెల్లె," అన్నాడు. లేచి పెరట్లో తీగకు రెండు కొసలూ ముడేసి కట్టాడు.

అంత శుభ్రమైన చోట ఆ బొగ్గు ఎక్కడిదో ఈ రోజుకీ చెప్పలేను. దయ్యాలున్నాయా టీచర్ అని పిల్లలు అడిగితే లేవనే అంటాను. వదినను మాత్రం ఆ లెక్కలో కలపలేను.