ఎర్రకన్ను దయ్యం దగ్గు

కిషన్‌బాగ్‌లో మేము అద్దెకున్న ఇంటి వెనక గోడకు అవతల ఒక పాడుబడ్డ గుడి ఉంది. గుడి అన్నాక దేవుడుండాలి కదా, ఆయన ఎప్పుడో వెళ్లిపోయాడు. రాతి స్తంభాలు, సగం కూలిన పైకప్పు, గర్భగుడి నిండా గబ్బిలాలు మిగిలాయి. పొద్దుగూకాక అటు ఎవరూ తొంగి చూడరు. అక్కడ ఒంటికన్ను దయ్యం ఉందని మా గల్లీ అంతా నమ్మేది. చీకట్లో ఎర్రగా ఒక కన్ను తెరుచుకుంటుంది, మెల్లగా మసకబారుతుంది. ఆ వెంటనే దగ్గు. దగ్గి దగ్గి చివర్లో "యా అల్లా" అంటుంది.

ఆ దయ్యం మా బాపు.

బస్సు డిపోలో మెకానిక్ ఆయన. డాక్టరు బీడీలు మానమన్నాడు. మానతానని అమ్మ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాడు కూడా. చీకటి పడగానే "జర గాలికి పోయొస్త" అని బయటికెళ్లి, చుట్టూ తిరిగి ఆ గుడిలో దూరేవాడు. కూర్చున్నా లేచినా దగ్గినా "యా అల్లా" అనడం ఆయనకు డిపోలో అంటిన అలవాటు. శివరాత్రి ఉపవాసం విడిచేటప్పుడు కూడా అదే అనేవాడు.

బీడీ వాసన మనిషికంటే ముందే ఇంట్లోకి వస్తుంది. అమ్మకు తెలియక కాదు. కానీ ఆ దయ్యమే మా ఇంటిని కాపాడుతోందని అమ్మ లెక్క. ఇంటి ఓనరు చాచా పక్క వాటాలోనే ఉండేవాడు. ఇల్లు అమ్మేసి చాంద్రాయణగుట్ట వైపు ఫ్లాటు కొనాలని ఆయన కొడుకులకు ఒకటే ఆరాటం. చాచాకు ఇష్టం లేదు, కొడుకుల ముందు నోరు లేవదు. తస్బీ పూసలు తిప్పుతూ కూర్చునేవాడు. ఇల్లు చూడ్డానికి పార్టీలు సాయంత్రం తీరికగా వచ్చేవి, దగ్గు వినగానే చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే పోయేవి. అమ్మ కాపురానికి వచ్చింది ఆ ఇంటికే. అది పోతే ఆమెకు హైదరాబాదే లేనట్టు.

చివరికి కొడుకులకు ఒళ్లు మండి, జిన్నులను వదిలించే ఆమిల్ సాబ్‌ను ఒకరిని, ధూల్‌పేట్ నుంచి భూతవైద్యుణ్ని ఒకరిని ఒకే సాయంత్రం పిలిచారు. ఏ మతం దయ్యమో తెలియదు కదా, రెండు వైపులా పకడ్బందీగా ఉండాలని. ఈయన లోబాన్ వేశాడు, ఆయన సాంబ్రాణి వేశాడు. పొగంతా గోడ దాటి గుడిలోకి పోయింది. లోపల బాపు ఉన్నాడు.

దయ్యం అంతలా దగ్గడం గల్లీ ఎన్నడూ వినలేదు. వాళ్లు పొగ పెంచేకొద్దీ అది దగ్గు పెంచింది. "యా అల్లా! యా అల్లా!"

భూతవైద్యుడు వేపకొమ్మ కింద పెట్టేశాడు. "అల్లా అంటున్నదాన్ని నేనెట్ల పట్టుకుంట భాయ్? నా మంత్రం దానికేం సమజైతది? గిది మీ కేసే."

"మందిర్‌ల ఉన్నది జిన్న్ ఎట్లయితది? మీరే చూడుండ్రి" అన్నాడు ఆమిల్ సాబ్, అంతే మర్యాదగా.

చాలాసేపు ఒకరికొకరు దారి ఇచ్చుకుని, మా ఇంట్లో చాయ్ తాగి, ఒకే ఆటోలో వెళ్లిపోయారు. కాసేపటికి బాపు వచ్చాడు, కళ్లు రెండూ చింతనిప్పుల్లా. "ఏంది గీ లొల్లి?" అని అడిగాడు. చాచా ఆయన చొక్కా మీది బూడిదను చూశాడు. గ్లాసుతో నీళ్లు అందించాడు.

మరుసటి చలికాలం బాపు చనిపోయాడు. ఊపిరితిత్తులే. ఇంతసేపూ నవ్వులాటగా చెప్పాను గానీ, అదే దగ్గును ఆసుపత్రి మంచం పక్కన నిలబడి వింటుంటే నాకు ప్రాణాలు తోడేసినట్టు ఉండేది.

గుడి నిశ్శబ్దమైపోయింది. దయ్యానికి మోక్షం దొరికిందని గల్లీవాళ్లు సంబరపడ్డారు. వాళ్లకేం తెలుసు! నాకు మాత్రం అందరి మీదా కోపం వచ్చేది.

నెల మాసికం అయ్యీ కాకముందే కొడుకులు ఒక బిల్డర్‌ను తీసుకొచ్చారు. రాత్రి ఇషా నమాజు వేళ దాటింది. ఆయన టేపు పట్టుకుని వెనక గోడ కొలుస్తున్నాడు. అమ్మ వంటింట్లో గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. అప్పుడు గుడిలో ఎర్రగా కన్ను తెరుచుకుంది. దగ్గు. "యా అల్లా."

బిల్డర్ టేపు వదిలేసి ఉరికాడు. కొడుకులు ఆయన వెనకే. దయ్యానికి నేను భయపడటం అదే మొదటిసారి. వంటింట్లోకి ఉరికి అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

అమ్మ చెవి పెట్టి వింది. "మీ బాపుది కాదు" అంది. "గిది ఎన్నడు బీడీ ముట్టనోని దగ్గు."

గాలి ఇటు మళ్లింది. బీడీ వాసన కాదు, ఊదుబత్తి వాసన.

కాసేపటికి గేటు చప్పుడైంది. చాచా. తెల్ల కుర్తా చేతి మీద ఊదుబత్తి బూడిద, గడ్డంలో సాలెగూడు. "ఏంది బెహన్, గీ లొల్లి?" అన్నాడు, గొంతు బొంగురుగా.

అమ్మ సంచిలోంచి గిన్నె బయటికి తీసి చాయ్ పెట్టింది. బాపు పోయాక అమ్మ ఏడవగా నేను చూసింది అప్పుడే. గ్లాసు ఆయన చేతికిచ్చి, "గొంతు పట్టుకుంటది భాయ్ సాబ్, అల్లం మస్తుగ ఏసిన" అంది.

చాచా తల దించుకుని ఒక గుక్క తాగాడు. "ఇగ రోజు ఏయాల్సొస్తది బెహన్" అన్నాడు.